యజమాని అనే మాట

“చచ్చిపోయిన భాష చదివి, బతికున్న మనుషుల చేత పని చేయిస్తావా?”

ఉద్యోగం అడగడానికి వచ్చిన ఆడమనిషిని కూర్చోమనైనా అనకుండా లాండ్రీ యజమాని వేసిన మొదటి ప్రశ్న ఇది. ఆయన చేతిలో ఆమె సర్టిఫికెట్టు ఉంది. దాన్ని వెలుతురుకెత్తి, మరక పోయిందో లేదో తేలని దుప్పటిని చూసినట్టు చూస్తున్నాడు.

“బతికున్న భాషల్లో ఖాళీలు లేవన్నారండీ,” అంది ఆమె.

ఆయన పకపకా నవ్వాడు. నవ్వించినందుకు ఉద్యోగం ఇచ్చాడు. మనుషుల చేత పని చేయించేది కాదు, ఆసుపత్రుల నుంచి వచ్చిన మాసిన గుడ్డల మూటలు విప్పి వేరుచేసే పని.

విశ్వవిద్యాలయంలో ఆమె చదివింది ప్రాచీన ధర్మశాస్త్రాలు. మోక్షం సంగతి కాదు, లెక్కాడొక్కా సంగతి. ఏలేవాడు ఎవరికి ఏమివ్వాలి, ఎవరి దగ్గర ఏం తీసుకోకూడదు, ఎవరు తిన్నాక తాను తినాలి, కూలి ఎగ్గొట్టినవాడిని ఏం చేయాలి, ఇలాంటివి. ఈ చదువుకి బయట గిరాకీ లేదని తేలేసరికి ఆమెకు పెళ్లయింది, కూతురు పుట్టింది, ప్లంబరు మొగుడికి నెలలో సగం రోజులే పని దొరుకుతోంది. లాండ్రీ గేటు మీద ‘మనుషులు కావలెను’ అన్న బోర్డు చూసి లోపలికి నడిచింది.

లోపల పొడవాటి షెడ్డు. నడిమధ్య నిలువునా ఒక గోడ. ఆ గోడలో వరసగా బిగించిన వాషింగ్ మెషీన్లకు రెండేసి తలుపులు. మురికి వైపు తలుపు తీసి మాసిన గుడ్డలు కూరుతారు, ఉతుకు పూర్తయ్యాక శుభ్రం వైపు తలుపు తీసి లాగుతారు. మురికి వైపు పనిచేసే మనిషి స్నానం చేసి బట్టలు మార్చుకుంటే తప్ప శుభ్రం వైపు అడుగు పెట్టకూడదు. శుభ్రం వైపు చివర గదంత పొడుగున్న రోలరు ఉంటుంది. తడి దుప్పటిని ఈ చివర ఇద్దరు అంచులు పట్టి అందిస్తే, ఆవిరితో కాగుతున్న ఇనుప గొట్టాల మధ్య నలిగి, ఆ చివర ఇస్త్రీ అయి బయటపడుతుంది. ఎండాకాలంలో రోలరు దగ్గర నిలబడితే మాట కూడా చెమటతోనే వస్తుంది.

చేరిన వారానికే ఆమెకు పేరు పడిపోయింది. మూటలో సూది ఉంటే ఏం చేయాలో ఆమె తోటివాళ్లకి వివరంగా చెబుతుంటే, పక్క బల్ల దగ్గర పనిచేసే ఒకావిడ చేతులు జోడించి, “చాలు తల్లీ, పురాణం ఆపు. సూది ఉంటే గుచ్చుకుంటుంది, అంతేగా!” అంది. ఆ నోటికి అప్పటికే ‘కత్తెర’ అని పేరు. కత్తెర పెట్టిన పేరు ఊడదు. అప్పటి నుంచి ఆమె ‘పురాణం’. చిత్రమేమిటంటే, ఆ తర్వాత ఏళ్ల తరబడి అక్కడ పురాణం నోట ఎవరూ ఒక్క శ్లోకం ముక్క వినలేదు.

వినకపోయినా చూశారు. షిఫ్టు ఇన్‌చార్జి అయ్యాక, సెలవు మర్నాడు పోగుపడ్డ మూటలు గోడెత్తు ఉంటే మురికి వైపు మొదటి గంట ఆమే నిలబడేది. టీ వచ్చినప్పుడు కెటిల్లో మిగిలింది తాగేది. మిగలకపోతే లేదు. మూటలో సూది దొరికితే మెషీన్లన్నీ ఆపించి ఆసుపత్రికి ఫోన్ చేసి, వాళ్లు సారీ చెప్పేదాకా ఫోన్ పెట్టేసేది కాదు. ఇందులో త్యాగాన్ని వెతికి పూలదండ వేయబోయేవాళ్లకు ఆమె జవాబు చప్పగా ఉండేది: “మురికి వైపు గంట నిలబడితే ఎవరు నిజం చెబుతున్నారో, ఎవరు నడుం నొప్పి నటిస్తున్నారో తెలుస్తుంది. ఆఫీసులో కూర్చుంటే తెలియదు.”

అలా సాఫీగా నడుస్తున్న చోటికి విలువలు వచ్చిపడ్డాయి.

ప్రాచీన శాస్త్రాల్లోంచి నాయకత్వ పాఠాలు పిండి, సీసాల్లో పోసి అమ్మే వ్యాపారం ఒకటి ఉంది. హోటల్ హాలు, చల్లటి గాలి, తెర మీద తామరపువ్వు బొమ్మ, మెడలో కండువా వేసుకున్న ట్రైనరు. ఆ ట్రైనింగుకి యజమాని రెండు రోజులు వెళ్లాడు. వెళ్లేటప్పుడు బావమరిదిని కూడా తోడు తీసుకెళ్లాడు. ఈయన యజమాని భార్యకు తమ్ముడు, లాండ్రీ లెక్కలు చూస్తాడు. వరసతో పని లేకుండా అందరూ ఆయన్ని బావమరిది గారనే పిలుస్తారు.

“ఎలా ఉందండీ బావమరిది గారూ ట్రైనింగు?” అని కత్తెర అడిగింది.

“డబ్బు మీద ఆశ వదలమన్నాడమ్మా. అడ్వాన్సు మొత్తం అందాకే మైకు పట్టుకున్నాడు,” అన్నాడాయన, కళ్లజోడు తుడుచుకుంటూ.

యజమాని మాత్రం కొత్త మనిషై తిరిగొచ్చాడు. నిండు వంగపండు రంగు మీద బంగారు అక్షరాలతో బోర్డులు చేయించి షెడ్డు నిండా కొట్టించాడు. మెషీన్ల దగ్గర ఒకటి, బట్టలు మార్చుకునే గదిలో ఒకటి, అన్నిటికంటే పెద్దది రోలరుకి ఎదురుగా. అన్నిటి మీదా ఒకే మాట: ‘పని మీది. ఫలం మీది కాదు. ఫలం వైపు చూడకండి.’

అదే నెల జీతాల్లో అదనపు గంటల డబ్బు రాలేదు.

కొత్త ఆసుపత్రి ఒకటి చేరడంతో షిఫ్టు అయ్యాక కూడా ఒకటి రెండు గంటలు ఉండి పని ముగించడం మామూలైపోయింది. దానికి విడిగా లెక్కకట్టి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు అడిగితే యజమాని వేలు బోర్డు వైపు చూపించాడు. “సేవాభావం, సేవాభావం,” అన్నాడు. మరుసటి నెలా అంతే, ఆ పై నెలా అంతే. పురాణం రెండుసార్లు ఆఫీసు గదికి వెళ్లి అడిగింది. మొదటిసారి ఆయన టీ ఇప్పించాడు. రెండోసారి, “నీ షిఫ్టు నోరు నువ్వు మూయించకపోతే ఇన్‌చార్జి అన్న మాటెందుకమ్మాయ్? దారి చూసుకో,” అన్నాడు. ఆమె నోరు మూయించలేదు, దారీ చూసుకోలేదు. మూడోసారి ఏం చెప్పి అడగాలా అని ఆలోచిస్తూ ఉండగానే రోలరు బాబాయ్ పుణ్యం కట్టుకున్నాడు.

రోలరు బాబాయ్ అక్కడ అందరికంటే పాతవాడు. మెషీను మోత వినే ఎక్కడ బెల్టు జారిందో చెప్పగలడు. మంచి మాట ఎక్కడ రాసి ఉన్నా చెప్పులు విడిచి చదివే రకం. రోలరు నడిపేవాడు గంటకి నాలుగైదు సార్లు చుట్టూ నడిచి ఆ చివరికి వెళ్లి, బయటపడిన దుప్పటి ఎలా వస్తోందో చూసి, వేడీ వేగమూ సర్దాలి. ఎప్పుడూ చేసే పనే. కానీ కంటి ఎదురుగా బంగారు అక్షరాలు రోజూ ‘ఫలం వైపు చూడకండి’ అంటుంటే బాబాయ్ లోలోపల నలిగిపోయాడు. ఇన్నేళ్లూ తాను చేసింది పాపమేమో! ఒక ఉదయం ఆయన నిర్ణయం తీసుకున్నాడు. ఈ చివరే నిలబడ్డాడు, శ్రద్ధగా దుప్పట్లు అందించాడు. ఆ చివరికి తొంగి కూడా చూడలేదు.

ఆ చివర మడతపెట్టేవాళ్లిద్దరూ కొత్తవాళ్లు. వచ్చింది వచ్చినట్టు మడిచి కట్టలు కట్టారు. మధ్యాహ్నానికి కొత్త ఆసుపత్రి నుంచి వ్యాను నిండా సరుకు వెనక్కి వచ్చింది. అంచులు మాడినవి కొన్ని, తడి ఆరనివి కొన్ని. ఒకటైతే రెండుగా మడతపడి లోపలికి పోయి, అట్టముక్కలా బిగుసుకుని ఉంది.

యజమాని దాన్ని బల్లకేసి కొట్టాడు. టకటకమంది.

“ఏమిటయ్యా ఇది?”

“దుప్పటేనండీ,” అన్నాడు బాబాయ్ వినయంగా.

“నీకు కళ్లు లేవా? అటు వెళ్లి చూడలేదా?”

“లేదండీ. బుద్ధి పుట్టింది కానీ ఆపుకున్నానండీ. మీరే రాయించారు కదండీ, ఫలం వైపు చూడొద్దని.”

శుభ్రం వైపు ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి నిలబడ్డారు. భుజాలు కదులుతున్నాయి. గోడకి అవతల మురికి వైపు నుంచి కత్తెర నవ్వు మాత్రం ఎవరికీ వెరవకుండా, ఖాళీ మెషీను తలుపుల్లోంచి ఇటు దూరి వచ్చింది.

యజమానికి నవ్వు రాలేదు. ఇదంతా పురాణం చేయించిన పని అనుకున్నాడు. బాబాయ్‌లాంటి అమాయకుడు అమాయకుడుగానే ఉంటాడని నమ్మడం తెలివైనవాళ్లకి కష్టం. ఆమెను ఆఫీసు గదికి పిలిపించి తలుపు వేశాడు.

“మాడిన సరుకు ఖరీదు ముసలాయన జీతంలో కోస్తున్నాను. నెలాఖరుకి ఇంటికి పంపిస్తున్నాను.”

“ఆయన చదివింది మీ గోడనేనండీ.”

“నువ్వు అంత చదువుకున్నదానివి, అర్థం విడమరిచి చెప్పొద్దూ?”

“అర్థం చెప్పే పనికి నాకు జీతం లేదండీ.”

ఆయన కాసేపు ఆమెను ఎగాదిగా చూశాడు. వ్యాపారి. కోపంలో కూడా బేరం కనబడుతుంది ఆయనకి. “సరే, ఆ పనే పెడుతున్నాను. శనివారం మడతల హాల్లో షిఫ్టు మొత్తాన్నీ కూర్చోబెడతాను. పది నిమిషాలు మాట్లాడు. పని మనది, ఫలం మనది కాదు, అదనపు గంటలు సేవ, ఇదే శాస్త్రం అని నీ నోటితో చెప్పు. నేను చెబితే గుడ్లు మిటకరిస్తున్నారు, నువ్వు చెబితే వింటారు. చెప్పావా, ముసలాయన ఉద్యోగం ఉంటుంది. చెప్పలేదా, ఆయనతో పాటు నీ లెక్క కూడా తేల్చేస్తాను.”

ఇంటికి వెళ్లేసరికి మొగుడు వంటగదిలో తొట్టి కింద వెల్లకిలా పడుకుని సొంత ఇంటి గొట్టం బిగిస్తున్నాడు. ఊళ్లో పని లేని రోజున ఇంట్లో కొళాయిలకి మంచి రోజులు. ఆమె చెప్పిందంతా అతను ఆ కిందనుంచే విన్నాడు.

“పది నిమిషాలేగా పంతులమ్మా,” అన్నాడు. “చెప్పేసి, పదకొండో నిమిషం మర్చిపో.”

“అబద్ధమైతే చెప్పేసేదాన్నేమో. ఇది సగం నిజం. సగం నిజాన్ని ఒకసారి నమ్మించాక మిగతా సగాన్ని ఎవరూ వినరు.”

“మిగతా సగం ఏమిటో?”

ఆమె చెప్పింది. అతను గొట్టం వదిలేసి, బయటికి వచ్చి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని విన్నాడు. పెళ్లయ్యాక ఆమె చదువు గురించి అతను అంతసేపు వినడం అదే మొదలు.

“ఇదంతా పుస్తకాల్లో ఉందా?”

“ఉంది.”

“మరి ఇన్నాళ్లూ చెప్పవేం?”

“ఎవరు అడిగారు?”

అతను రెంచీని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. “ఉద్యోగం పోతే పిల్ల కోర్సు ఫీజు కష్టమే,” అన్నాడు. ఆపైన, “ఆ మిగతా సగమే చెప్పు. ముసలాయన ముందు తలొంచుకుని ఇంటికి వస్తే నిన్ను చూడలేను నేను,” అని మళ్లీ తొట్టి కిందికి దూరాడు.

శనివారం మెషీన్లు ఆపారు. ఆ షెడ్డులో నిశ్శబ్దం ఎప్పుడూ ఉండదు కాబట్టి అందరూ అవసరానికి మించి గట్టిగా మాట్లాడి నాలిక్కరుచుకుంటున్నారు. మడతల బల్లలు గోడకి నెట్టి, బోర్లించిన ట్రాలీల మీద కూర్చున్నారు. యజమానికి కుర్చీ. పక్కన స్టూలు మీద బావమరిది. బాబాయ్ కూర్చోలేదు, తన రోలరుకి ఆనుకుని నిలబడ్డాడు. కత్తెర స్నానం చేసి తడి జుట్టుతో వచ్చి మొదటి వరసలో బైఠాయించింది.

“మొదలుపెట్టమ్మా,” అన్నాడు యజమాని. “అందరూ శ్రద్ధగా వినండి. ఈవిడ ఈ విద్యలో పట్టా పుచ్చుకున్న మనిషి.”

పురాణం లేచింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కనున్న దిండుగలీబు ఒకటి తీసుకుని మడవడం మొదలుపెట్టింది.

“మనం రోజూ యజమాని, యజమాని అంటాం. ఆ మాటకి అర్థం ఏమిటి?”

“ఓనరు,” అన్నారు వెనక నుంచి.

“సొంతదారు,” అన్నాడు బాబాయ్.

“లేటయితే గేటు దగ్గర నిలబడేవాడు,” అంది కత్తెర. నవ్వులు. యజమాని కూడా నవ్వాడు, ఇంకా ఆయన ప్రాణం హాయిగానే ఉంది.

“కాదు. యజ్ఞం చేయించేవాడు. ఇల్లూ వాకిలీ ఉన్నవాడు అని కాదు అసలు అర్థం. యజ్ఞం ఆయన పేరు మీద జరుగుతుంది. ఖర్చు ఆయనది. ఫలం కూడా ఆయనదే.”

“విన్నారా!” అన్నాడు యజమాని కుర్చీలో ముందుకి జరిగి. “ఫలం నాదే. నేను చెబితే నమ్మలేదు.”

“మీదేనండీ. అందులో రెండో మాట లేదు. ఫలం ఎవరిదో ఆ మాటలోనే, దాని వ్యాకరణంలోనే ఉంది, తన కోసం చేయించుకునేవాడు అని. కాకపోతే ఆ ఫలం ఉత్తినే రాదు. నెయ్యి గరిటె నిప్పులో వంచినప్పుడల్లా యజమాని ఒక మాట పైకి అనాలి.”

“ఏమని?”

“ఇది నాది కాదు, అని.”



“ప్రతి గరిటెకీనా?” అన్నాడు బాబాయ్ ఆశ్చర్యంగా.

“ప్రతి గరిటెకీ బాబాయ్. తనదే అయిన నెయ్యిని, తన చేత్తో వదులుతూ, నాది కాదు అనాలి. అలా అన్నవాడికే యజమాని అని పేరు. మిగతావాడు నెయ్యి ఉన్నవాడు, అంతే.”

“మరి ఆ పొగలో కూర్చుని మంత్రాలు చదివేవాళ్ల సంగతేమిటక్కా?” కత్తెర అడిగింది. ఆ ‘అక్కా’ కొత్తది.

“వాళ్లకి దక్షిణ. దక్షిణ వేరు, ఫలం వేరు. పనిలో దిగకముందే ఒప్పుకున్నది దక్షిణ. అది ఇవ్వని యజ్ఞం చచ్చిన యజ్ఞమన్నారు. ఫలం రాదని కాదు, యజ్ఞమే లేదని. పొగలో కూర్చున్నవాళ్ల దగ్గరికి వెళ్లి ‘నాయనా, మీరేమీ ఆశించకండి’ అని ఏ శాస్త్రమూ చెప్పలేదు. ఈ బోర్డు మీది మాట మొదట ఎవరికి చెప్పారో తెలుసా? యుద్ధం ముందు రథంలో చేతులు వణికిన ఒక రాజుబిడ్డకి. ఏలబోయేవాడికి. గెలిస్తే నాకేమిటి, ఓడితే నాకేమిటి అని లెక్కలు వేసుకుంటే చేయాల్సింది చేయలేడు కాబట్టి చెప్పారు. ఆ బోర్డు చెడ్డది కాదు. తప్పు చోట కొట్టారు. అది ఉండాల్సింది ఆఫీసు గదిలో.”

ఎవరో చప్పట్లు మొదలుపెట్టబోయి, యజమాని మొహం చూసి రెండు చేతులూ చంకల్లో దాచుకున్నారు.

“కూలి ఫలం కాదండీ,” అంది ఆమె, ఈసారి నేరుగా ఆయన్నే చూస్తూ. “పాతకాలం న్యాయంలో వ్యాజ్యాలని పద్దెనిమిది రకాలుగా విడగొట్టారు. అప్పు ఎగవేత ఒకటి, దొంగతనం ఒకటి. చేసిన పనికి జీతం ఇవ్వకపోవడం వాటి సరసనే ఇంకొకటి. సేవాభావం అన్న పేరుతో దానికి మినహాయింపు నాకెక్కడా కనబడలేదు. నేను వెతక్కుండా ఉండలేదు. ఇక బాబాయ్ సంగతి. చెప్పింది చెప్పినట్టు చేశాడు. మాడింది మీ మాటండీ, ఆయన దుప్పటి కాదు.”

దిండుగలీబు మడత పూర్తయింది. ఆమె దాన్ని బల్ల మీద పెట్టి, ఉద్యోగం కూడా అక్కడే పెట్టేసినట్టు చేతులు దులుపుకుంది.

యజమాని ఎర్రబడ్డాడు, కానీ అరవలేదు. దెబ్బ తగిలినప్పుడు అరిచేవాడైతే ఒక్క తొట్టితో మొదలుపెట్టి ఇంత షెడ్డు కట్టేవాడు కాడు.

“బాగుంది,” అన్నాడు చివరికి. “ఇప్పుడు నేనొకటి అడుగుతాను. ఈ షిఫ్టుకి నాయకురాలివి నువ్వు. ఉతికిన సరుకు బరువు పెరిగినకొద్దీ నీకు కిలో లెక్కన భత్యం వస్తోంది. ఈ నెలల్లో బాగా పెరిగింది. ఎందుకు పెరిగింది? వీళ్లు డబ్బు లేకుండా చేసిన అదనపు గంటల వల్ల. వీళ్లకి చిల్లిగవ్వ రాలేదు, నీకు వచ్చింది. తీసుకున్నావు. నా గరిటె సంగతి తర్వాత చూద్దాం, నీ గరిటె మాటేమిటి?”

ఇది ఆమె ఎదురుచూడని దెబ్బ. రాత్రంతా ఆయన అడగగల ప్రశ్నలన్నీ వేసుకుని చూసుకుంది. ఇదొక్కటీ రాలేదు, ఎందుకంటే ఇది నిజం. ఆ భత్యం బ్యాంకులో పడిన రోజున కూతురి కోర్సుకి మొదటి వాయిదా కట్టి, రసీదు చూసి మొగుడూ తనూ మురిసిపోయారు. ఎక్కడ పెరిగింది, ఎలా పెరిగింది అని ఒక్కసారి కూడా అనుకోలేదు. ట్రాలీల మీద కూర్చున్న మొహాలు ఆమె వైపు తిరిగి ఉన్నాయి. వాటిలో కోపం లేదు. అది మరీ కష్టంగా ఉంది.

యజమాని కుర్చీలో వెనక్కి వాలాడు. బేరం తిరిగి తన చేతికొచ్చిందని ఆయనకి తెలుసు.

“నిజమేనండీ,” అంది ఆమె. “అది నాది కాదు. వచ్చింది వచ్చినట్టు వీళ్లకి పంచేస్తాను. ఒకేసారి ఇవ్వలేను, కొంత ఖర్చయిపోయింది. నెల నెలా నా జీతంలో కోసి ఇవ్వండి. ఇక ముందు ఆ భత్యం నా ఒక్కదాని పేరు మీద వద్దు, షిఫ్టు మొత్తానికి సమానంగా పడాలి. నా గరిటె వంచేశానండీ.”

ఇప్పుడు మొహాలన్నీ యజమాని వైపు తిరిగాయి. ఆడవాళ్లు తడి చేతులు ఒళ్లో పెట్టుకుని, మగవాళ్లు మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, చాలా మర్యాదగా, చాలా ఓపికగా చూస్తున్నారు. బాబాయ్ అయితే గరిటె నిజంగానే ఆయన చేతిలో ఉన్నట్టు, అది ఎప్పుడు వంగుతుందా అన్నట్టు ఆయన కుడిచేతినే చూస్తున్నాడు. ఆ చెయ్యి కుర్చీ అంచు మీద ఇబ్బందిగా కదిలింది.

ఆయన పక్కకి తిరిగి గొంతు తగ్గించి అడిగాడు. కానీ మెషీన్లు ఆగిన షెడ్డులో ఏ గొంతూ తగ్గదు.

“మొత్తం ఎంతవుతుందిరా, అదనపు గంటలు?”

బావమరిది కాగితం వైపు చూడలేదు, కళ్లజోడు తీయలేదు, ఆలోచించలేదు. “ట్రైనింగుకి అయినదానికంటే తక్కువే బావా,” అన్నాడు.

మొదట కత్తెర. ఆ తర్వాత గోడలు. నవ్వు అంటే అలాంటిలాంటి నవ్వు కాదు. ట్రాలీలు చక్రాల మీద కదిలిపోయి ఒకదానికొకటి కొట్టుకున్నాయి. కొత్తగా చేరిన మడతల అమ్మాయి నవ్వలేక నవ్వలేక బల్ల కిందికి జారింది. బాబాయ్ ఒక్కడే సంగతేమిటని పక్కవాళ్లని అడిగి, తెలుసుకుని, అందరూ ఆపాక మొదలుపెట్టాడు. దాంతో మళ్లీ అందరూ మొదలుపెట్టారు.

యజమాని కుర్చీలోంచి లేచాడు. వెళ్లిపోతాడనుకున్నారు. ఆయన నేరుగా రోలరు ఎదుటి బోర్డు దగ్గరికి వెళ్లి, మేకు పట్టుకుని లాగాడు. రాలేదు. “చూస్తారేం, ఎవరైనా పట్టండి!” అని గదమాయించాడు. నలుగురు పరిగెత్తారు. బోర్డు ఊడి వచ్చింది. ఆయన దాన్ని చంకలో ఇరికించుకుని హాలు వైపు తిరిగాడు.

“ఇస్తాను,” అన్నాడు. “అందరికీ, మొదటి నెల నుంచీ. ఒకేసారి అడగకండి, చచ్చిపోతాను. వాయిదాల్లో ఇస్తాను. ముసలాయన ఎక్కడికీ వెళ్లడు. మాడిన సరుకు నా ఖాతా.” గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. “ఆ మాట పైకి అనాలా?”

“ప్రతి గరిటెకీ అండీ,” అంది పురాణం.

“ఇది నాది కాదు,” అన్నాడాయన, చేదు మాత్ర మింగినట్టు. అని, బోర్డుతో సహా ఆఫీసు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఈసారి చప్పట్లకి ఎవరి మొహమూ చూడాల్సిన పని లేకపోయింది. కత్తెర వచ్చి పురాణాన్ని రెండు చేతులతో ఎత్తబోయి, ఎత్తలేక, “బరువు మనిషివే అక్కా!” అంది. బాబాయ్ బాయిలర్ ఆవిరి ఇప్పించి, రోలరు తిప్పి, మొదటి దుప్పటి లోపలికి పంపి, చెప్పులు టపటపలాడిస్తూ చుట్టూ నడిచి ఆ చివరికి వెళ్లాడు. బయటికొచ్చిన దుప్పటిని కళ్లారా చూసుకున్నాడు. “అబ్బ, ఎంత బాగుందో!” అన్నాడు.

ఇక్కడ యజమాని హృదయం మారిందని రాస్తే బాగుంటుంది గానీ, అలాంటిదేమీ జరగలేదు. ఆయన ఇప్పటికీ టీలో పాలు తక్కువ పోయిస్తాడు, సబ్బు పొడి డబ్బాలు స్వయంగా లెక్కపెడతాడు, జీతాల రోజున మొహం ముడుచుకునే ఉంటాడు. మారింది లెక్క. అదనపు గంటకి డబ్బు ఇవ్వాల్సి వచ్చేసరికి అదనపు గంటలు ఎందుకు అవసరమవుతున్నాయని ఆయనకే అనుమానం పుట్టింది. ఇంకో డ్రయ్యరు కొన్నాడు. షిఫ్టు మళ్లీ వేళకి ముగుస్తోంది. భత్యం సమానంగా పడుతున్నందువల్ల మడతల బల్ల దగ్గర కొత్త పిల్ల కూడా రోలరు చివర మాడు వాసన తగిలితే కేక పెడుతోంది. వ్యాన్లు వెనక్కి రావడం మానేశాయి. కొత్త ఆసుపత్రి ఒప్పందాన్ని పొడిగించింది. ఏడాది తిరిగేసరికి రెండు షిఫ్టులూ పురాణం కిందికి వచ్చాయి. నిర్ణయం యజమానిదే. “నా మీద గెలిచినదాన్ని నా తరఫున పెట్టుకోవడం చవక,” అని బావమరిదితో అన్నాడట.

కబురు ఎలా పాకిందో, ఆ ట్రైనింగు సంస్థవాళ్లే ఒకరోజు పురాణానికి ఫోన్ చేశారు. శాస్త్రాల్లో నాయకత్వం మీద మాట్లాడాలనీ, హాలూ భోజనమూ బాగుంటాయనీ, వక్తలకి ఇచ్చేదేమీ లేదు గానీ గొప్ప గౌరవమనీ చెప్పారు.

“దక్షిణ ముందు పంపించండి, నేను మాట్లాడబోయే విషయం కూడా అదే,” అంది ఆమె.

అవతలివాళ్లకి అర్థం కాలేదు. ఇవతల స్పీకరులో వింటున్న షిఫ్టుకి మాత్రం పూర్తిగా అర్థమైంది. ఆ సాయంత్రం మురికి వైపు నుంచి శుభ్రం వైపు దాకా అదే మాట. ఎవరు ఎవరిని ఏ చిన్న సాయం అడిగినా “దక్షిణ ముందు!”

ఇంట్లో సంగతి అంత సులువుగా సాగలేదు. భత్యం తిరిగి ఇస్తున్నన్నాళ్లూ జీతం చిక్కిపోయి వచ్చేది. మొగుడు ఊరవతల కడుతున్న భవనాల్లో గొట్టాల పని ఒప్పుకుని వారమంతా అక్కడే ఉండేవాడు. కూతురు కోర్సు మానలేదు. పొద్దుట చదువు, మధ్యాహ్నం ఒక మందుల దుకాణంలో బిల్లులు కొట్టే పని. “అమ్మ గరిటె వంచితే నెయ్యి మన ముగ్గురిదీ పోయింది,” అని వేళాకోళం చేసేది. కానీ కోర్సు పూర్తయి సర్టిఫికెట్టు చేతికొచ్చిన రోజున, అది పట్టుకుని తిన్నగా లాండ్రీకి వచ్చి, శుభ్రం వైపు అందరికీ చూపించి, గోడ అవతల కత్తెరకి మెషీను తలుపులోంచి చూపించింది. వెలుతురుకెత్తి చూసి, “మరక లేదు!” అని ప్రకటించింది కత్తెర. షెడ్డు దద్దరిల్లింది.

వాయిదాలు ఎవరికి ముందు ఇవ్వాలన్నది పురాణమే తేల్చింది. ముందు మురికి వైపువాళ్లు, తర్వాత రోలరు, తర్వాత మడతలు, తర్వాత వ్యాను. అన్నిటికీ చివర ఇన్‌చార్జి. అదనపు గంటలు ఆమె కూడా చేసింది. యజమాని అందరికీ పూర్తిగా తీర్చాడు. ఆమెకు రావలసిన ఆఖరి రెండు వాయిదాలు ఇంకా బాకీ.